ముందు జాయింట్ తేల్చు, సీలెంట్ తరవాత

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మధురవాడ సైట్‌లో ముందు గోడ సందులు పూడ్చే సీలెంట్‌గా సిలికాన్ వాడాలా, పీయూ (పాలీయురేథేన్) వాడాలా అని అడిగావు. నువ్వు పంపిన డ్రాయింగ్ చూశాను. ఏసీపీ షీట్ల (అల్యూమినియం రేకు అతికిన ప్యానెళ్ల) మధ్య సందు, అంటే జాయింట్, 8 మి.మీ. అని వేసి, దానికో బాణం గీసి ‘సీలెంట్’ అని రాసి వదిలేశారు. ఆ సందు అలాగే ఉంటే ఎంత ఖరీదైన సరుకు తెచ్చినా నిలవదు. అందుకే ముందు సందు సంగతి చూద్దాం.

అల్యూమినియం డిగ్రీకి, మీటరుకి 0.024 మి.మీ. సాగుతుంది. కాంక్రీటు దాదాపు అందులో సగం. మీ షీటు పొడవు 3 మీటర్లు, రంగు ముదురు బూడిద, పైగా పడమటి ముఖం. మే నెలలో మూడింటి ఎండకి ఆ రేకు 70 డిగ్రీల దాకా కాలుతుందనుకో. జనవరి తెల్లవారుజామున 15 అనుకో. తేడా 55 డిగ్రీలు. 0.024ని 3తో, 55తో గుణిస్తే దగ్గరదగ్గర 4 మి.మీ. వస్తుంది. ఆ సందు ఏడాది పొడవునా అంతమేర తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందన్నమాట.

ఇప్పుడు సీలెంట్ డేటాషీట్ తియ్యి. ప్లస్ ఆర్ మైనస్ 25 శాతం అని ఉంటే, సందు వెడల్పులో నాలుగో వంతు వరకే సాగుతుంది, నాలుగో వంతు వరకే నలుగుతుంది. 8 మి.మీ. సందులో అది 2 మి.మీ. మనకి కావలసింది 4. పని చలికాలంలో జరుగుతుందో ఎండాకాలంలో జరుగుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి, మొత్తం కదలిక ఒక్క వైపే వచ్చినట్టు లెక్క వెయ్యి. 25 శాతం సరుకైతే 4కి నాలుగు రెట్లు, 16 మి.మీ., దాని మీద షీటు కోతలో, బిగింపులో వచ్చే తేడాకి ఇంకో 3, మొత్తం 19. అంటే 20 పెట్టాలి. 50 శాతం సాగే సిలికాన్ అయితే 4కి రెట్టింపు 8, దానికి 3 కలిపి 11, కాబట్టి 12 చాలు. ఆర్కిటెక్ట్ గారికి సన్న గీతే కావాలంటే 50 శాతం సరుకైనా ఒప్పుకోవాలి, షీటు పొడవైనా తగ్గించుకోవాలి. మూడో దారి లేదు. ఈ మాట మర్యాదగానే చెప్పు, కానీ లెక్క కాగితం ముందు పెట్టి చెప్పు.

కిటికీ పై అంచు దగ్గర ఎండ లెక్క ఒక్కటే సరిపోదు. పై స్లాబు బరువుకి కాస్త వంగుతుంది. ఆ వంపు ఎంతో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడిగి అది కూడా కలుపు. ఇక రెండు బ్లాకుల మధ్య వచ్చే ఎక్స్‌పాన్షన్ జాయింట్ వేరే విషయం. 45 మీటర్లు దాటిన కట్టడానికి అది ఉండాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అక్కడ కదలిక మరీ ఎక్కువగా ఉంటే సీలెంట్ మీద భారం వెయ్యకు, అల్యూమినియం ప్రొఫైల్ పెట్టించు.

లోతు దగ్గర సైట్లలో జరిగే అన్యాయం అంతా ఇంతా కాదు. ఎక్కువ కూరితే ఎక్కువ గట్టి అనుకుంటారు. నిజానికి సీలెంట్ రెండు పక్కలకే అంటుకోవాలి, వెనక అంటుకోకూడదు. వెనక కూడా పట్టేసిందంటే సాగడానికి వీలు లేక మధ్యలో చిరుగుతుంది. అందుకే వెనక బ్యాకర్ రాడ్, అంటే మెత్తటి ఫోమ్ కడ్డీ, పెడతాం. సందు 12 అయితే రాడ్ 15 మి.మీ.ది తీసుకో, నొక్కితే బిగువుగా కూర్చోవాలి. సీలెంట్ లోతు వెడల్పులో సగం, 6 మి.మీ.కి మాత్రం తగ్గకూడదు. రాడ్‌ని స్క్రూడ్రైవర్‌తో తోస్తుంటే వెంటనే ఆపించు. మొన గుచ్చుకుంటే లోపలి గాలి బయటికొచ్చి తడి సీలెంట్‌లో బుడగలు కడుతుంది. లోతుకి తగ్గట్టు గాడి కోసిన చెక్క ముక్కతో తోయించు. రాడ్ బదులు థర్మోకోల్ ముక్కలు కూరనివ్వకు. రాడ్‌కి చోటు లేకపోతే సందు అడుగున సీలెంట్ అంటుకోని టేపు వేయించు.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్న. ఏసీపీకి, గాజుకి ఎండని తట్టుకునేది సిలికానే, అదీ న్యూట్రల్ రకం. వెనిగర్ వాసన కొట్టే చవక సిలికాన్ కాంక్రీటు, పాలరాయి, లోహం దగ్గరికి రానివ్వకు. కాంక్రీటుకి రంగు వేసేచోట పీయూ మేలు, ఎందుకంటే సిలికాన్ మీద పెయింట్ నిలవదు. కింద గోడకి గ్రానైట్ క్లాడింగ్ (రాతి తొడుగు) ఉంది కదా, అక్కడ మామూలు సిలికాన్ నూనె రాయిలోకి ఇంకి అంచుల వెంట నల్లటి చారలు పడతాయి. మరక పడదని కంపెనీ రాసిచ్చిన రకమే తీసుకో, అదే రాయి ముక్క మీద ముందే పూసి చూడు. పాలీసల్ఫైడ్ నీళ్ల ట్యాంకులకి ఉంచు. యాక్రిలిక్ ఇంటి లోపలికే.

సరుకు ఎంత మంచిదైనా దుమ్ముకి అంటుకుంటే దుమ్ముతోపాటే ఊడొస్తుంది. రేకునీ గాజునీ ఒక గుడ్డతో ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పెట్టి తుడిచి, అది ఆరిపోకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డయితే మురికిని అటూ ఇటూ పూయడమే. కాంక్రీటుకైతే వైర్ బ్రష్ కొట్టి, ఊది, ప్రైమర్. గోడ అంచున ప్లాస్టరింగ్ గోటితో గీకితే రాలుతుంటే సీలెంట్ మాట తరవాత, ముందు అంచు కట్టించు. వాన వెలిసిన వెంటనే పని పెట్టకు. సీలెంట్ వచ్చే గొట్టం లాంటి ప్యాకెట్, అదే సాసేజ్, దాని మీద తేదీ చూడు. 600 మి.లీ. సాసేజ్ 12 x 6 సందుకి 8 మీటర్ల పైచిలుకు వస్తుంది, వృథా కూడా కలుపుకుని ఆర్డర్ పెట్టు.

మూడు వారాలయ్యాక లాగి చూసే పరీక్ష తప్పకుండా చెయ్యి. సందుకి అడ్డంగా ఒక కోత, అక్కడినుంచి రెండు పక్కల అంచుల వెంట 5 సెం.మీ. కోత. ఆ నాలుకని వేళ్లతో పట్టుకుని నిటారుగా నీ వైపు లాగు. సీలెంట్ సాగి సాగి మధ్యలో తెగితే మంచిదే. అంచు నుంచి శుభ్రంగా ఊడి రేకు మెరుస్తూ కనపడిందా, పని ఆపించి తుడిచే పద్ధతి, ప్రైమర్ మళ్లీ చూడు. కోసిన చోట అదే సరుకుతో పూడ్పించు. అంతస్తుకి కనీసం ఒకటి చెయ్యి, సూపర్‌వైజర్ చెప్పాడని వదిలెయ్యకు.

కట్టడాల డిజైన్‌లో విశాఖకి పట్టే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టింది. అలాంటి వానలో ఎక్కడో ఒకచోట నీళ్లు లోపలికి వస్తాయనే అనుకుని, కిటికీ ఫ్రేమ్ కింద నీళ్లు పోయే చిన్న బెజ్జాలు ఉంచుతారు. అవి లీకులనుకుని కుర్రాళ్లు సిలికాన్‌తో మూసేస్తుంటారు. పని మొదలయ్యే రోజునే ప్రతి బెజ్జానికీ ఎర్ర టేపు ముక్క అంటించి, మూయొద్దని చెప్పు.

గ్రానైట్ ముక్క మీద ఈ వారమే సీలెంట్ పూసి పెట్టు. సందు మార్చిన డ్రాయింగ్ వచ్చాక కిటికీ పై అంచు వివరంతో సహా నాకు పంపు.

పెదనాన్న