స్క్రీన్‌సేవర్ కాదు, ముందు తెర సంగతి చూడు

చిరంజీవి వాసుకి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో ఉన్న మూడు ఫోన్లలోనూ నల్లటి స్క్రీన్‌సేవర్ పెట్టేస్తే ఛార్జింగ్ ఇంకాసేపు నిలుస్తుందా అని అడిగావు. పెట్టకు. ఎందుకు వద్దో, దాని బదులు ఏం చెయ్యాలో మాత్రం ఒక్కో ఫోన్‌కి ఒక్కోలా చెప్పాలి. ఆ మూడింటి తెరలూ ఒక జాతివి కావు.

స్క్రీన్‌సేవర్ డబ్బా మానిటర్ల కాలం నాటి సరుకు. ఆ గాజు లోపలి ఫాస్ఫర్ పూత మీద ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే, ఆ చోట పూత అరిగి నీడలా ముద్ర పడిపోయేది. అలా పడకుండా బొమ్మని కదిలిస్తూ ఉండటమే దాని పని. అది కాపాడింది తెరని, కరెంటుని కాదు. ఆండ్రాయిడ్‌లోకి 2012లో, 4.2 వెర్షన్‌తో, 'డేడ్రీమ్' అన్న పేరుతో వచ్చింది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద స్క్రీన్ సేవర్ అనే ఉంటుంది. తెరిచి చూడు: ఛార్జింగ్‌లో ఉన్నప్పుడో, డాక్ అనే ఛార్జింగ్ స్టాండు మీద నిలబెట్టినప్పుడో మొదలవుతుంది. వైరు గోడకి తగిలించి ఉండగా ఇక బ్యాటరీ ఆదా ఏమిట్రా? పైగా రాత్రంతా తెర వెలుగుతుంటే ఫోన్ వెచ్చబడుతుంది, ఆ వేడి బ్యాటరీ ఆయుష్షుని తింటుంది. కనబడిన ఫోన్‌లోనల్లా దాన్ని ఆపెయ్యి.

ఇక తెర రకం తేల్చుకోవాలి. పూర్తిగా నల్లగా ఉన్న బొమ్మ ఒకటి ఫోన్లోకి తీసుకో. కెమెరాకి వేలు అడ్డం పెట్టి తీసిన ఫొటో పనికిరాదు, అందులో ఎర్రటి జీర ఉంటుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, ఆ బొమ్మని తెర నిండా పెట్టి, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, ఒక నిమిషం కళ్లని చీకటికి అలవాటు పడనియ్యి. తెర బూడిదరంగులో మసకగా మెరుస్తూ, అంచుల దగ్గర వెలుగు కారుతున్నట్టు ఉంటే అది ఎల్‌సీడీ. ఫోన్ ఎక్కడుందో చేత్తో తడుముకోవాల్సి వస్తే ఓఎల్‌ఈడీ. అట్టపెట్టె దాచి ఉంటే ఇంత శ్రమ లేదు: ఐపీఎస్, టీఎఫ్‌టీ, పీఎల్ఎస్ అని ఉంటే మొదటి రకం, అమోలెడ్, సూపర్ అమోలెడ్ అని ఉంటే రెండో రకం. ఐఫోన్లలో ఎక్స్ఆర్, 11 ఎల్‌సీడీలు. 12 నుంచి అంకెల పేర్లతో వచ్చినవన్నీ ఓఎల్‌ఈడీలే.

మీ అమ్మ ఫోన్ ఐపీఎస్ అని రాశావు. ఎల్‌సీడీలో చుక్కలు సొంతంగా వెలగవు. వెనకాల ఒక తెల్లటి దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, ముందున్న చుక్కలు దాన్ని ఎంతమేర బయటికి వదలాలో చూసుకుంటాయి. నల్లరంగు చూపించడమంటే ట్యూబ్‌లైట్ ముందు పరదా కట్టడమే. గది చీకటవుతుంది, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కొన్ని ఫోన్లు బొమ్మ ముదురుగా ఉంటే వెనక దీపాన్ని కాస్త తగ్గిస్తాయి కానీ దాన్ని నమ్ముకోలేం. కాబట్టి ఆవిడ ఫోన్‌లో నల్ల వాల్‌పేపర్, డార్క్ మోడ్ పెట్టి బ్యాటరీ మిగిలిందనుకోవద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి కనబడే 'ఎక్స్‌ట్రా డిమ్' కూడా అంతే, అది బొమ్మని ముదురు చేస్తుంది తప్ప వెనక దీపాన్ని ఆర్పదు.

అక్కడ పనికొచ్చేవి రెండే: బ్రైట్‌నెస్, టైమౌట్. స్క్రీన్ టైమౌట్, అంటే ముట్టుకోకపోతే తెర ఎంతసేపటికి ఆరాలో ఆ గడువు, 2 నిమిషాలు ఉంటే 30 సెకన్లకి దింపు. రోజుకి అరవైసార్లు ఫోన్ తీసి పక్కన పడేస్తారనుకుందాం. ప్రతిసారీ తొంభై సెకన్లు ఊరికే వెలిగితే మొత్తం గంటన్నర. ఎవరూ చూడని గంటన్నర. దానికన్నా మంచి అలవాటు, చూడటం అయిపోగానే పక్క బటన్ నొక్కెయ్యడం. యూట్యూబ్‌లో వంట చూస్తూ చేసేటప్పుడు వీడియో నడుస్తున్నంతసేపు తెర ఆరదు కాబట్టి ఆవిడకి ఇబ్బంది రాదు. రాసి ఉన్న వంటకం చదువుతూ, చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడే చిరాకు. ఆ పూటకి 5 నిమిషాలు పెట్టి మళ్లీ దింపాలి, లేదా మనిషి ముఖం కనబడినంతసేపు తెర ఆరకుండా చూసే సదుపాయం ఫోన్‌లో ఉంటే వాడొచ్చు. దానికి కెమెరా పనిచెయ్యాలి గనక అదీ కొంత తింటుంది.

బ్రైట్‌నెస్‌ని ఆటోలో వదిలెయ్యమనే నా సలహా, కాకపోతే దానికి నేర్పాలి. వారం రోజులపాటు ఎప్పుడు ఎక్కువనిపించినా స్లైడర్ చేత్తో తగ్గించండి, ఆటో ఆపకుండానే. చాలా ఫోన్లు ఆ అలవాటుని గుర్తుపెట్టుకుంటాయి. ఎంత నేర్పినా తెర పిచ్చిగా ఎక్కువా తక్కువా అవుతుంటే పైన స్పీకర్ సందు పక్క చూడు: టెంపర్డ్ గ్లాస్ అంచు సెన్సర్ మీదకి జరిగి ఉంటుంది, లేదా అక్కడ నూనె మరక ఉంటుంది. వంటింటి ఫోన్లకి ఇది మామూలే. ఇంకోటి, స్లైడర్ సగానికి తెస్తే ఖర్చు సగమవుతుందనుకోకు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ గీత మన కంటి తీరుకి తగ్గట్టు అమర్చి ఉంది, అసలు వెలుతురంతా కుడివైపు చివరి భాగంలోనే దూసుకుపోతుంది. చివరి పావు భాగం జోలికి పోకపోవడమే పెద్ద పొదుపు.

ఆవిడ ఫోన్‌లో గంటలు మోగుతూ, పూలు రాలుతూ ఉండే వెంకటేశ్వరస్వామి లైవ్ వాల్‌పేపర్ ఉందన్నావు. దాన్ని తీసి అదే స్వామి మామూలు ఫొటో పెట్టు. హోమ్ స్క్రీన్ కనబడుతున్నంతసేపూ ఆ పూలని గీస్తూ ఉండటానికి గ్రాఫిక్స్ చిప్ ఆగకుండా పనిచెయ్యాలి. ఫోన్ వంచినప్పుడల్లా కదిలే రకమైతే సెన్సర్లు కూడా మేలుకుని ఉంటాయి. అసలు నష్టం మాత్రం దాన్ని తెచ్చిన యాప్‌తో వస్తుంది. లాక్ తియ్యగానే తెర నిండా ప్రకటన పడుతోందంటే కారణం చాలావరకు అలాంటి ఉచిత వాల్‌పేపరో, 'బ్యాటరీ సేవర్' యాపో. సెట్టింగ్స్‌లో 'ఇతర యాప్‌ల పైన చూపించు' అన్న అనుమతి ఎవరెవరికి ఉందో చూసి, తెలియనివాటిని తీసెయ్యి. వెనకాల యాప్‌లని చంపుతూ కూర్చునే యాప్‌లు మరీ దండగ: చంపినవి మళ్లీ లేస్తాయి, లేచిన ప్రతిసారీ మొదటినుంచి లోడవుతాయి.

ఇప్పుడు నీ అమోలెడ్ సంగతి. ఇక్కడ ప్రతి చుక్కా సొంతంగా వెలిగే దీపం. నలుపంటే ఆరిపోయిన దీపం, తెలుపంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ కలిసి వెలగడం. అందుకే తెల్లటి పేజీకి ఖర్చెక్కువ. అలాగని డార్క్ మోడ్ పెట్టగానే రోజంతా కలిసొస్తుందనుకోకు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో కొన్ని ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద కొలిస్తే, బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ మిగిల్చింది సగటున 3 నుంచి 9 శాతమే. అదే 100 శాతం దగ్గర 39 నుంచి 47 శాతం. అంటే ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని చూసుకునేవాడికి దక్కేది కొంచెమే, ఎండలో బండి ఆపి మ్యాప్ చూసుకునేవాడికి దక్కేది చాలా. పగటిపూట నల్ల తెర మీద అక్షరాలు సరిగ్గా కనబడక బ్రైట్‌నెస్ పెంచావో, వచ్చిన లాభం అక్కడే పోతుంది.

తెలుగు చదివేవాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నలుపు మీద తెల్లటి సన్నని అక్షరాలు చుట్టూ చెదిరినట్టు కనబడతాయి. ఇంగ్లిష్‌లో అది పెద్దగా తెలియదు. మనకి ఒత్తులు, సుడులు, తలకట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 'ద్ధ'కీ 'ద్ద'కీ తేడా తెలియడం లేదంటే ఫాంట్ ఒక మెట్టు పెంచి, బోల్డ్ ఉంటే పెట్టు. కంటిలో శుక్లాలున్న పెద్దవాళ్లకి, కళ్లజోడులో సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజం) ఉన్నవాళ్లకి తెలుపు మీద నలుపే హాయిగా ఉండొచ్చు. వాళ్ల మీద నాలుగు శాతం కోసం డార్క్ మోడ్ రుద్దకు.

వాల్‌పేపర్ రంగు గురించి కూడా వాదించుకోవద్దు. హోమ్ స్క్రీన్ చూసేది రోజు మొత్తంలో కొన్ని నిమిషాలు. గంటలు గడిచేది వాట్సాప్‌లో, రీల్స్‌లో, క్రికెట్‌లో. వీడియోకి డార్క్ మోడ్ వర్తించదు. పచ్చటి మైదానం ఏ మోడ్‌లోనైనా పచ్చగానే వెలుగుతుంది. మ్యాచ్ పూర్తిగా చూడాలనుకున్న రోజు బ్రైట్‌నెస్ తగ్గించుకోవడం ఒక్కటే మందు. దానితోపాటు రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మని కొత్తగా గీస్తుందో ఆ లెక్క, 120 హెర్ట్జ్ ఉంటే 60కి దింపు, వీడియో చూసేవాడికి తేడా తెలియదు. నీ ఫోన్‌లో ఎల్‌టీపీఓ తెర ఉంటే అవసరాన్ని బట్టి తనే దిగుతుంది, ముట్టుకోనక్కర్లేదు.

తెర ఆరాక కూడా గడియారం కనబడుతూ ఉండే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఉంచాలా వద్దా అంటే, గంటకి సుమారు అర శాతం నుంచి ఒక శాతం దాకా పోతుందని లెక్కేసుకో. నిద్రపోయే ఎనిమిది గంటలు నువ్వు దాన్ని చూసేదేమీ లేదు, కాబట్టి షెడ్యూల్‌లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆపెయ్యి. లేదా 'తాకితేనే కనబడాలి' అని పెట్టుకో. గడియారం ఊరికే చిన్నగా జరుగుతూ ఉంటుంది చూడు, అది పాడైపోయి కాదు. ఒకేచోట వెలిగిన చుక్కలు మిగతావాటికంటే ముందు అరిగి మచ్చ పడతాయి, అందులోనూ నీలం చుక్క అన్నిటికన్నా త్వరగా అరుగుతుంది. పాత స్క్రీన్‌సేవర్ చేసిన పనే ఇది, గమ్మత్తుగా ఇన్నేళ్లకి మళ్లీ అవసరం పడింది. అందుకే అక్కడ ఫుల్ బ్రైట్‌నెస్‌లో దేవుడి ఫొటో నిలిపి ఉంచకు. మచ్చ పడిందేమో చూడాలంటే తెర నిండా లేత బూడిదరంగు బొమ్మ పెట్టు. కింద మూడు బటన్ల నీడ, పైన బ్యాటరీ గుర్తు నీడ కనబడితే అది ఇక పోదు. బటన్లు తీసేసి, వేలితో తెరని జరిపే జెశ్చర్లకి మారితే ఇంకా ముదరకుండా ఆగుతుంది.

ఇదంతా నమ్మక్కర్లేదు, కొలుచుకో. బ్యాటరీ 80 శాతం ఉన్నప్పుడు ఏరోప్లేన్ మోడ్ వేసి, ఆటో బ్రైట్‌నెస్ తీసేసి స్లైడర్ ఒకచోట నిలిపి, టైమౌట్ ఉన్నంతలో ఎక్కువ పెట్టు. తెల్లటి బొమ్మ ఒక గంట, మళ్లీ 80కి ఛార్జ్ చేసి నల్లటి బొమ్మ ఒక గంట. తెర ఆరిపోబోతుంటే వేలితో ముట్టు. తెర ఆరకుండా ఉంచే 'స్టే అవేక్' సెట్టింగ్ వాడదామనుకుంటే అది ఛార్జింగ్‌లోనే పనిచేస్తుంది. మొదటి రోజు నీ ఫోన్, రెండో రోజు మీ అమ్మది. అంకెలు గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టు.

మీ తాతగారి బటన్ ఫోన్‌కి వీటిలో ఏదీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో బ్యాక్‌లైట్ సమయం 15 సెకన్లు, కదిలే బొమ్మల స్క్రీన్‌సేవర్ ఉంటే ఆఫ్. అలాంటి ఫోన్‌లో బ్యాటరీ వెయ్యి ఎంఏహెచ్ అటూ ఇటూ ఉంటుంది, తెర చిన్నది, దాన్ని ఖాళీ చేసేది చాలావరకు సిగ్నల్ వెతుకులాటే. రీఛార్జ్ చెయ్యకుండా వదిలేసిన రెండో సిమ్ లోపలే ఉంటే అది తీసెయ్యి. ఫోన్ ఇనప బీరువా మీద కాకుండా కిటికీ పక్కన పెట్టమను. టార్చ్ బటన్ జేబులో నొక్కుకుపోతోందేమో కూడా చూడు, ఆయన చొక్కా జేబు పగలు వెలుగుతున్నా ఎవరికీ కనబడదు.

ఇట్లు
మీ మామయ్య