ఇరినోటెకాన్ కీమో తర్వాత నీళ్ల విరేచనాలు: ఇమ్యూనిటీ పెంచితే తగ్గుతాయా?

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని గుణుపూర్‌లో ఉండే మీ అమ్మగారికి పెద్దపేగు క్యాన్సర్. విశాఖలో ఫోల్‌ఫిరి (ఇరినోటెకాన్ కలిసి ఉండే మందుల జట్టు) కీమో రెండు విడతలు అయింది. ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకు నీళ్ల విరేచనాలు మొదలవుతున్నాయి. కాగితం మీద ‘మ్యూకోసైటిస్, ఇన్‌ఫ్లమేషన్’ (పేగు లోపలి పొర దెబ్బతిని పుండు పడటం, వాపు) అని రాశారు. ఇమ్యూనిటీ పడిపోయింది కాబట్టి పౌడర్లు, తిప్పతీగ కషాయం పట్టమని చుట్టాలంటున్నారు. పట్టొచ్చా అని.

పట్టొద్దు. ‘ఇమ్యూనిటీ’ అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ఒకటి రక్తంలో తిరిగే కాపలా కణాల లెక్క, అంటే సీబీసీ రిపోర్టులో కనిపించే న్యూట్రోఫిల్స్. రెండోది, ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలితే కణాలు పెట్టే గగ్గోలు. కీమో తర్వాత మొదటిది పడిపోతుంది, రెండోది పేగులో మితిమీరుతుంది. కాపలావాళ్లు లేని ఇంట్లో గంట ఆగకుండా మోగుతున్నట్టు. పౌడరు కాపలావాళ్లను తేలేదు, గంటనూ ఆపలేదు.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజుల్లో పూర్తిగా కొత్తదవుతుంది. పొర అడుగున ఉండే సన్నని గుంటల్లో మూలకణాలు విడిపోతూ కొత్త కణాలను పైకి తోస్తుంటాయి. ఇరినోటెకాన్ పని, విడిపోయే కణంలో డీఎన్‌ఏ మెలి విప్పే టోపోఐసోమరేజ్-1 అనే ఎంజైమ్‌ను ఇరికించెయ్యడం. అది క్యాన్సర్ కణమా, పేగు కణమా అన్నది మందుకు తెలియదు. పైపొర అరిగిపోతుంటుంది, అడుగునుంచి కొత్తది రాదు.

అంతవరకే అయితే నష్టం చిన్నదే. కానీ చనిపోతున్న కణాలు డీఎన్‌ఏ ముక్కల్ని, హెచ్ఎంజీబీ1 లాంటి ప్రోటీన్లని బయటికి వదులుతాయి. కణం లోపల ఉండాల్సిన సరుకు బయట కనబడగానే పక్కనున్న మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాల్లో ఎన్ఎఫ్-కప్పా బి అనే స్విచ్ పడుతుంది. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సైటోకైన్లు, అంటే సంకేతాలు మోసే ప్రోటీన్లు ఊరతాయి. ఇవి పేగు కణాల మధ్య బిగింపుల్ని వదులు చేస్తాయి, ఇంకొన్ని కణాలను చంపుతాయి. ఆ సందుల్లోంచి బాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం లోపలికి దిగి టీఎల్ఆర్4 అనే గ్రాహకాన్ని తాకుతుంది. దాంతో స్విచ్ మళ్లీ పడుతుంది. మందు ఒంట్లోంచి వెళ్లిపోయాక కూడా పేగు రోజుల తరబడి మండేది ఈ తిరుగుడు వల్లే. స్టీఫెన్ సోనిస్ అనే పరిశోధకుడు 2004లో మ్యూకోసైటిస్‌ను ఐదు దశలుగా వివరించారు: మొదటి దెబ్బ, సంకేతాలు పుట్టడం, అవి పెచ్చరిల్లడం, పుండు పడటం, మానడం. విరేచనాల రూపంలో మీకు బయటికి తెలిసేసరికి లోపల మొదటి మూడూ అయిపోయి ఉంటాయి.

ఇరినోటెకాన్‌కు ఇంకో పితలాటకం ఉంది. ఒంట్లో అది ఎస్ఎన్-38 అనే అసలు విషంగా మారుతుంది. కాలేయం యూజీటీ1ఏ1 అనే ఎంజైమ్‌తో దానికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి, నిర్వీర్యం చేసి, పిత్తంతో పేగులోకి పంపేస్తుంది. పేగు బాక్టీరియాలోని బీటా-గ్లూకురోనిడేజ్ ఆ తగిలింపును తెంపేస్తుంది, విషం మళ్లీ నిద్ర లేస్తుంది. బాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లో ఇరినోటెకాన్ వల్ల పేగు దెబ్బ చాలా తక్కువ. పుట్టుకతో యూజీటీ1ఏ1 బలహీనంగా ఉన్నవాళ్లకు మాత్రం దెబ్బ ఎక్కువ. తిప్పతీగ ఎందుకు వద్దంటున్నానో దీన్నిబట్టి అర్థమవుతుంది. కోవిడ్ రోజుల్లో అది వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను మన దేశపు డాక్టర్లే నమోదు చేశారు. ఈ మందును ఒంట్లోంచి బయటికి తోసేది కాలేయమే. దాన్ని ఇప్పుడు కెలక్కూడదు.

మరి ఆ గగ్గోలును అణిచే మందు ఇవ్వరెందుకని అడుగుతారు. పుండు మాన్పేదీ ఆ సంకేతాల్లో కొన్నే. ఇంటర్‌ల్యూకిన్-22 లాంటివి మూలకణాల్ని మళ్లీ పనిలోకి దింపుతాయి. పైగా తెల్లకణాలు పడిపోయిన మనిషికి ఉన్న కాస్త స్పందననూ అణిచేస్తే ఇన్‌ఫెక్షన్‌కు తలుపు తీసినట్టే. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందుల విరేచనాలు వేరే జాతి. వాటికి స్టెరాయిడ్లే వైద్యం. కాబట్టి ఇమ్యునోథెరపీ తీసుకునే పక్కింటావిడకు రాసిన మందు మీ అమ్మగారికి నప్పదు, ఇద్దరిదీ క్యాన్సరే అయినా సరే.

ఇక ఇంట్లో చెయ్యాల్సింది. మందు ఎక్కించిన రోజును ఒకటో రోజుగా పెట్టుకుని క్యాలెండర్ మీద రాయండి. మొదటి 24 గంటల్లోనే చెమటలు, నోట్లో నీళ్లూరడం, కడుపు మెలితిప్పడంతో విరేచనమైతే అది నరాల వల్ల వచ్చేది, దానికి అట్రోపిన్ ఇంజక్షన్ ఉంది. మందును నెమ్మదిగా ఎక్కించే ఇన్‌ఫ్యూజర్ పంపు ఇంకా తగిలించే ఉంటుంది కాబట్టి అక్కడే నర్సుకు చెప్పాలి. ఆ తర్వాత వచ్చేదే పైన చెప్పిన పేగు దెబ్బ. సాధారణంగా ఐదో రోజుకు అటూ ఇటూగా మొదలవుతుంది. తెల్లకణాలు అట్టడుగుకు చేరేది దాదాపు ఎనిమిదో రోజున. పేగు గోడకు చిల్లులు పడ్డ రోజులూ, కాపలా లేని రోజులూ ఒకదాని మీద ఒకటి పడతాయన్నమాట. ప్రాణం మీదికొచ్చేది ఆ రోజుల్లోనే.

విరేచనాలు లెక్కపెట్టండి. మామూలుగా రోజుకు ఒకసారి వెళ్లే మనిషికి దాని మీద నాలుగులోపు పెరిగితే మొదటి గ్రేడు, నాలుగు నుంచి ఆరు రెండో గ్రేడు, ఏడు గానీ ఆ పైన గానీ అయితే మూడో గ్రేడు. మూడో గ్రేడంటే ఆస్పత్రే. “చాలాసార్లు అయ్యాయండీ” అని ఫోన్‌లో చెబితే డాక్టరు ఏమీ తేల్చలేరు, “నిన్న తొమ్మిది, రాత్రి మూడు” అంటే తేలుస్తారు.

విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర దగ్గర ఎక్కువగా జరిగే తప్పు, ఆలస్యం. ఇరినోటెకాన్‌కు రాసిచ్చే పద్ధతిలో మొదటి నీళ్ల విరేచనానికే 4 మిల్లీగ్రాములు, అంటే 2 మిల్లీగ్రాముల మాత్రలు రెండు. ఆ తర్వాత రెండు గంటలకొకటి, చివరి నీళ్ల విరేచనం అయ్యాక 12 గంటలు గడిచేదాకా. రాత్రి నాలుగు గంటలకోసారి రెండు వేసుకోమని కొందరు రాస్తారు. మామూలు విరేచనాలకు రోజుకు 16 మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి మందులషాపులో “ఇన్నెందుకు” అని సగం ఇచ్చి పంపుతుంటారు. ఈ లెక్క వేరు. అందుకే మీ డాక్టరు చేత చీటీ మీద స్పష్టంగా రాయించుకుని, మాత్రలు విశాఖలోనే కొనుక్కుని గుణుపూర్ బండి ఎక్కండి. చీటీలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. 48 గంటలు దాటి ఈ మోతాదు వాడకూడదు, పేగు కదలిక ఆగిపోయే ప్రమాదముంది. జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా, పొట్ట ఉబ్బి గట్టిపడినా ఇంట్లో మాత్రలు మింగుతూ కూర్చోవద్దు. విరేచనాలు రాకముందే ‘ముందు జాగ్రత్త’ అని వేసుకోవడమూ తప్పే.

ఇంకో పొరపాటు నవ్వొచ్చేలా ఉంటుంది గానీ తరచూ జరిగేదే. వాంతి మాత్రలకు మలబద్ధకం వస్తుందని ఇచ్చిన లాక్టులోజ్ సిరప్‌ను, విరేచనాలు మొదలైనా ‘డాక్టర్ రాశారు కదా’ అని పట్టిస్తూనే ఉంటారు. ముందు దాన్ని ఆపండి. బీపీ, షుగర్ మాత్రలుంటే అదే రోజు ఫోన్ చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని బీపీ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సుమారు 21 గ్రాములు, లీటరు నీళ్లకు. గ్లాసులో ఉజ్జాయింపుగా పొడి కలపడం, ఉప్పగా ఉందని పంచదార వెయ్యడం రెండూ తప్పే. గాఢత పెరిగితే పేగు నీళ్లను పీల్చుకోదు సరికదా, ఎదురు వదులుతుంది. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ప్యాకెట్ వేసి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయండి. విరేచనానికి ఒక గ్లాసు లెక్కన గుక్కగుక్కగా పట్టండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు పంచదార ఆరు టీ చెంచాలు, ఉప్పు అర టీ చెంచా, రెండూ తలగొట్టి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి రసాలు ఓఆర్ఎస్ కావు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడొద్దంది. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

తిండి సంగతి త్వరగా చెప్పేస్తాను. గంజి, మెత్తగా ఉడికిన అన్నం, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప. పాలు, పాయసం వద్దు. పైపొరతోపాటు పాలను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైమ్ కూడా పోతుంది కాబట్టి కొన్ని వారాలు పాలు అరగకపోవచ్చు. వేసవిలో మీ వైపు ఇంటింటా ఉండే పఖాళ, చద్దన్నం ఈ రోజుల్లో కుదరదు. రాత్రంతా నానిన అన్నంలో ఏ క్రిములు పెరిగాయో ఎవరికీ తెలియదు. ఓపికొస్తుందని ఎవరైనా జీలుగు కల్లు తెచ్చినా అదే మాట. ప్రోబయోటిక్ మాత్రల్లో ఉన్నవీ బతికున్న క్రిములే. న్యూట్రోఫిల్స్ తక్కువున్నప్పుడు అవి రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి.

జ్వరం 100.4 ఫారన్‌హీట్ చూపిస్తే, అర్ధరాత్రయినా సరే, అది విశాఖ బండి కోసం ఆగే పని కాదు. పారాసిటమాల్ వెయ్యకముందే థర్మామీటర్ పెట్టండి, వేశాక పెడితే అబద్ధం చెబుతుంది. దగ్గర్లో రక్తపరీక్ష, సెలైన్, ఇంజక్షన్ యాంటీబయోటిక్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. చేరిన గంటలోపు మొదటి డోసు పడాలి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి కూడా ఉంటే తప్పకుండా చెప్పండి, పెద్దపేగు మొదటి భాగం వాచే ప్రమాదముంది. ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, లేస్తే కళ్లు తిరిగినా జ్వరం లేదని ఆగొద్దు. రాత్రి డ్యూటీ నర్సుకు తెలుగు రాకపోతే ఒడియాలో ఈ ముక్క చాలు: “కేమో చాలిఛి, జర హేఇఛి, ఝాడా హేఉఛి.” అంటే కీమో నడుస్తోంది, జ్వరమొచ్చింది, విరేచనాలవుతున్నాయి. కీమో మందు పేరు, ఎక్కించిన తేదీ ఉన్న కాగితం ముందే చేతిలో పెట్టండి. లేకపోతే మామూలు కడుపు కేసనుకుని వరసలో కూర్చోబెడతారు.

తర్వాతి విడతకు వెళ్లినప్పుడు క్యాలెండర్ లెక్క చూపించండి. డోసు తగ్గించడమా, వారం ఆగడమా, యూజీటీ1ఏ1 పరీక్ష రాయడమా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. డోసు తగ్గిస్తారేమోనని భయపడి విరేచనాలు దాచేవాళ్లున్నారు. అలా దాచినవాళ్లకు పూర్తి డోసు మళ్లీ పడుతుంది, ఇంకా మానని పేగు మీద.