పక్క సీటు ఖాళీ అయ్యాక

కర్నూలు

పాపా,

సోలో, అంటే పక్కన ఎవరూ లేకుండా నువ్వొక్కదానివే విమానం నడపడం, ఎప్పుడిస్తారని మీ ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టరును అడగడం ముందు మానెయ్యి. ఏళ్ల తరబడి ఇన్‌స్ట్రక్టరుగా కుడి సీట్లో కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నా, అడిగేకొద్దీ ఆయనకు అనుమానం పెరుగుతుంది. మీ బ్యాచ్‌లో ఒకరికి పదిహేను గంటలకే అయ్యుండొచ్చు, ఇంకొకరికి పాతిక దాటొచ్చు. ఆ లెక్కతో రేపు ఉద్యోగమిచ్చేవాడికి పని లేదు. మేము చూసేది వేరు. వరసగా మూడు నాలుగు సర్క్యూట్లలో (ఎగిరి, రన్‌వే చుట్టూ తిరిగి, మళ్లీ దిగడం) మా చెయ్యి యోక్ (విమానం స్టీరింగు) మీదికి పోవాల్సి వచ్చిందా లేదా అన్నది ఒకటి. ఫైనల్లో, అంటే రన్‌వేకు ఎదురుగా దిగివచ్చేటప్పుడు, కుదరకపోతే మేము నోరు తెరవకముందే నువ్వు గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకెక్కడం) అన్నావా లేదా అన్నది రెండోది. నున్నగా దించే పిల్లలకన్నా, కుదరని ల్యాండింగును తనంతట తాను వదిలేసిన పిల్లనే నేను ముందు సోలోకు పంపేవాణ్ని.

ఆరోజు చెక్ అయ్యాక సీఎఫ్‌ఐ (చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్) హెడ్‌సెట్ తీసి, "ఒక్క సర్క్యూట్ వేసి రా" అని దిగిపోతాడు. ఆయన దిగాడని వెంటనే కదలకు. ఖాళీ సీటు బెల్టు బిగించు, వదులుగా ఉంటే కంట్రోల్స్‌కు అడ్డం పడుతుంది. ఆ పక్క తలుపు ఆయన వేసినా నువ్వొకసారి తోసి చూడు. తరవాత నీ సీటు. సెస్నాలో సీటు పట్టాల మీద జరుగుతుంది కదా, కింద పిన్ను రంధ్రంలో సరిగ్గా పడకపోతే టేకాఫ్‌లో ముక్కు లేచేటప్పుడు నీతోపాటు వెనక్కి జారుతుంది. చేతిలో ఉన్న యోక్‌ను పట్టుకుని వేలాడతావు, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇలా ప్రమాదాలు జరిగాయి, అందుకే ఆ పట్టాలను క్రమం తప్పకుండా తనిఖీ చెయ్యాలని అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ 1987లో ఆదేశమిచ్చింది. సీటు సర్దుకున్నాక నడుముతో ముందుకూ వెనక్కూ గట్టిగా ఊపి చూడు. కదిలితే మళ్లీ సర్దు. వెనక ఇంకో విమానం ఎదురుచూస్తున్నా సరే.

ఇక అసలు తేడా. నువ్వు నడిపే సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. పక్కన కూర్చునే మనిషి దిగితే అందులో సుమారు పదో వంతు దిగిపోయినట్టే. నేల వదలడం తొందరగా వదులుతుంది, ఎక్కడం జోరుగా ఎక్కుతుంది. రోజూ డౌన్‌విండ్ (రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వెళ్లే దారి) తిరిగాక అందే వెయ్యి అడుగులు దానికి ముందు అడ్డంగా వెళ్లే క్రాస్‌విండ్‌లోనే వచ్చేస్తాయి. ఎత్తు చూపే ఆల్టిమీటర్ మీద ఓ కన్నేసి ఉంచు, లేదంటే పదకొండు వందలు దాటేస్తావు. ఇద్దరున్నప్పుడు పెట్టే పవరే పెడితే ఫైనల్లో ఎత్తు మిగిలిపోతుంది. కాస్త ముందుగానే తగ్గించు. ఫ్లేర్ చేశాక, అంటే నేల దగ్గర ముక్కు కాస్త ఎత్తాక, చక్రాలు తాకకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది. తేలనీ. దించేద్దామని యోక్ ముందుకు తోశావంటే ముక్కు చక్రం ముందు తాకుతుంది, విమానం గంతులు మొదలుపెడుతుంది, ముక్కు చక్రంతోపాటు ప్రొపెల్లరూ పోతుంది.

రన్‌వే అయిపోతుందేమోనని టెన్షన్ పడకు. పోయినసారి నువ్వు ఇంటికొచ్చినప్పుడు దిగిన మన ఓర్వకల్లు రన్‌వే 2000 మీటర్లు. 152 చక్రాలు తాకాక ఆగడానికి, సముద్రమట్టం దగ్గర మామూలు వేడిలో, మాన్యువల్‌లో రాసిన దూరం 150 మీటర్ల లోపే. మీ రన్‌వే దానికన్నా చిన్నదైనా నీకు చాలినంత ఉంటుంది. కానీ ఒక హద్దు పెట్టుకో. రన్‌వేలో మూడో వంతు దాటేలోపు చక్రాలు తాకకపోతే గో-అరౌండ్. ఈ నిర్ణయం నేల మీదే, ఇంజిన్ స్టార్ట్ చెయ్యకముందే తీసుకో. గాలిలో కూర్చుని "ఇంకొంచెం చూద్దామా" అని బేరాలాడొద్దు.

గో-అరౌండ్ అంటే పిల్లలు థ్రాటిల్ తోసి పవర్ పెంచడం వరకే గుర్తుపెట్టుకుంటారు. ఆ తరవాతి రెండు సెకన్లే ముఖ్యం. దిగడానికి ట్రిమ్ చేసి (యోక్ బరువు చేతికి తగలకుండా సర్ది), ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచు రేకులు) పూర్తిగా దించిన విమానానికి ఒక్కసారి ఫుల్ పవర్ ఇస్తే ముక్కు పైకి లేవబోతుంది, యోక్ బరువుగా నీ మీదికొస్తుంది. ఎడమకు లాగుతుంది కూడా. యోక్ ముందుకు నొక్కిపట్టు, కుడి కాలితో రడ్డర్ వెయ్యి, కార్బ్ హీట్ (కార్బ్యురేటరుకు వేడిగాలి పంపే మీట) లోపలికి తొయ్యి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తెచ్చి 55 నాట్ల వేగం చూసుకో. మిగతా ఫ్లాప్స్ మెల్లగా తియ్యి, ఒక్క దెబ్బకు తీసేస్తే విమానం కుంగుతుంది. రేడియోలో చెప్పడం ఆఖరి పని. టవర్‌లో ఉన్నవాళ్లకు కళ్లున్నాయి, నువ్వు దిగలేదని వాళ్లకు తెలుస్తుంది.

రేడియో అంటే గుర్తొచ్చింది. తెలుగు మీడియంలో చదివానని నీకున్న బెంగ దండగ. అర్థం కాకపోతే "సే అగెయిన్" అను, ఎన్నిసార్లయినా అను. ఫస్ట్ సోలో అని తెలిస్తే చుట్టూ ఉన్నవాళ్లే జాగ్రత్తపడతారు. ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆగితే ఏం చెయ్యాలో మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పే ఉంటాడు: ముక్కు దించు, ఎదురుగా ఉన్న నేల మీదే దిగు, వెనక్కి తిరగొద్దు. టేకాఫ్‌కు ముందు ఆ మాట ఒకసారి పైకే అనుకో, చాలు.

మీ జేజి పంచాంగం తెరిచి కూర్చుంది. రాహుకాలంలో మాత్రం ఎక్కవద్దని చెప్పమంది, చెప్పేశాను. నువ్వు చూడాల్సింది విండ్‌సాక్, గాలి దిక్కు చూపే ఆ గుడ్డ గొట్టం. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మనవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. గాలి రన్‌వేకు అడ్డంగా కొడుతుంటే ఆరోజు సోలో వద్దని నువ్వే చెప్పొచ్చు. అలా చెప్పిన పిల్లను ఏ ఇన్‌స్ట్రక్టరూ తక్కువగా చూడడు. ఎండ సంగతీ అంతే. కర్నూలు దాదాపు 900 అడుగుల ఎత్తులో ఉంది. మే నెలలో 42 డిగ్రీలు కొడితే ఇక్కడి గాలి నాలుగు వేల అడుగుల పైన ఉండే గాలంత పలచనవుతుంది. మనిషి దిగి మిగిలిన బలమంతా అలాంటి మధ్యాహ్నం వేడికే పోతుంది, పైగా కుదుపులు. పొద్దున్నే ఇస్తే తీసుకో, మధ్యాహ్నం అంటే మరుసటి రోజు అడుగు.

ఇంట్లో ముందుగా ఎవరికీ చెప్పకు. చెబితే మీ అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టదు, మీ నాయన పది నిమిషాలకోసారి ఫోన్ చేస్తాడు, అది నీ మెదడులో తిరుగుతుంది. అయ్యాక చెయ్యి. మొదటి సోలో అయ్యాక ఎలాగూ మీ బ్యాచ్‌వాళ్లు ఆనవాయితీగా బకెట్లతో నీళ్లు పోస్తారు, ఫోను, లాగ్‌బుక్కు ముందే ఎవరికైనా ఇచ్చి ఉంచు. ఆ సర్క్యూట్‌ను లాగ్‌బుక్కులో పైలట్ ఇన్ కమాండ్ (విమానం బాధ్యత నీదే అయిన గంటల) గడిలో ఆ సాయంత్రమే రాసి సంతకం పెట్టించు. సీపీఎల్‌కు (కమర్షియల్ పైలట్ లైసెన్సుకు) కావాల్సిన 200 గంటల్లో 100 ఆ గడిలోనే నిండాలి, తరవాత రాద్దాంలే అని వదిలేస్తే లెక్క తేలక తిప్పలు పడతావు.

వచ్చే విడత ఫీజు సంగతి నేను చూసుకుంటున్నా. బ్యాంకు మేనేజరును కలిసి వచ్చాను, ఒక్క కాగితం తక్కువైంది, మీ స్కూలు నుంచి హాజరు సర్టిఫికెట్ కావాలట. సోమవారం ఆఫీసులో అడిగి పంపు.

నీ పెద్దనాయన