యాప్ ముహూర్తం, పంతులుగారి ముహూర్తం కలవకపోతే

పంచాంగం యాప్‌లో పెళ్లి లగ్నానికీ, పంతులుగారు రాసిచ్చినదానికీ కొన్ని నిమిషాలు తేడా వచ్చి ఇంట్లో గొడవవుతోందన్నారు కదండీ, టెన్షన్ పడకండి. ముందు యాప్ సెట్టింగ్స్‌లో ఏ ఊరుందో చూడండి. పెళ్లి విజయవాడలో కాబట్టి విజయవాడే ఉండాలి. లగ్నం ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌కీ విజయవాడకీ సుమారు 8-9 నిమిషాల తేడా. అప్పటికీ కలవకపోతే ఒకరిది దృక్ గణితం (ఇప్పటి ఖగోళ లెక్క), ఇంకొకరిది పూర్వ పద్ధతి (పాత సిద్ధాంత గ్రంథాల లెక్క) అయివుండొచ్చు, అడగండి. అంతిమంగా పంతులుగారి మాటే తీసుకోండి. వధూవరులిద్దరి నక్షత్రాలకూ తారాబలం (వాళ్ల జన్మనక్షత్రాలకు ముహూర్తం నాటి నక్షత్రం అనుకూలమో కాదో) చూసి, పీటల మీద కూర్చోబెట్టేది ఆయనే.

ఇక పెళ్లి పిలుపులంటారా, దూరపువాళ్లకు వాట్సాప్ చాలు. మేనమామలను, పెద్దత్తలను మాత్రం ఇంటికెళ్లి, నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ చేతికిచ్చి, బొట్టు పెట్టి పిలవండి. కల్యాణ మండపం లొకేషన్ తర్వాత పంపొచ్చు.