మా నాన్నగారు చేసిన చింతపండు గింజ తీసే మిషన్‌కు పేటెంట్ అవసరమా?

ముందు ఒక పని చేయండి. మీ ప్రశ్నలో రెండో పేరా తీసేయండి. రోలర్ల మధ్య సందు ఎంత పెట్టారో, గింజ పగలకుండా ఏం అడ్డం పెట్టారో అందులో పూసగుచ్చినట్టు రాసేశారు. అది తీసేశాక మిగతాది చదవండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

మీరు అడిగింది ఇదీ: హిందూపురంలో వెల్డింగ్ షాపు నడిపే మీ నాన్నగారు చింతపండు గింజ తీసే మిషన్ చేశారు. పేటెంట్‌కు లక్షలవుతాయని ఒకాయన, తీసుకోకపోతే నెలలో కాపీ కొడతారని ఇంకొకాయన చెరోవైపు భయపెడుతున్నారు. తీసుకోవాలా, వద్దా?

నాది గుంటూరులో లేత్ షాపు, పాతికేళ్లు దాటింది. నా పేరు మీద ఒకే ఒక్క పేటెంట్ ఉంది, ఎండుమిరపకాయకు తొడిమ తీసే మిషన్‌ది. దానితో మేడలు కట్టలేదు. డబ్బు నీళ్లపాలయిందని కూడా అనను. జరిగింది చెబుతాను, మీ నాన్నగారికి చదివి వినిపించండి.

మా దగ్గర ఎగుమతి సరుకు కొంత తొడిమ తీసి ఇవ్వాలి. ఆడవాళ్లు గుట్ట చుట్టూ కూర్చుని చేత్తో తీస్తారు, కిలోకి ఇంత అని కూలి. ఘాటుకు తుమ్ములు, వేళ్ల సందుల్లో మంట. ఆ పనికి వెళ్లే మా పక్కింటావిడ, సాయంత్రం చంటిపిల్లను ఎత్తుకోవాలంటే మోచేతులతోనే ఎత్తుకునేది. 2011లో ఒక వ్యాపారి వచ్చి దీనికేదైనా మిషన్ చేసిపెట్టమన్నాడు.

మొదటి మిషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చిల్లుల డ్రమ్ము తిరుగుతుంటే కాయలు లోపల దొర్లుతాయి, తొడిమలు చిల్లుల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి, డ్రమ్ముకు ఆనించిన బ్లేడు వాటిని కోసేస్తుంది. నోటితో చెబితే ఇంతే. కానీ రేకు చుట్టి వెల్డింగ్ చేసిన డ్రమ్ము నిఖార్సుగా గుండ్రంగా రాదని మీ నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు. ఒక్కోచోట 2 మిల్లీమీటర్ల తేడా. సందు ఎక్కువైన చోట తొడిమ ఉండిపోతుంది, తక్కువైన చోట బ్లేడు కాయ తలకాయే లేపేసి గింజలు రాల్చేస్తుంది. గింజ రాలితే తూకం పోతుంది. ఏడాదిన్నర ఆ 2 మిల్లీమీటర్లతోనే కుస్తీ పట్టాను. చివరికి బ్లేడును బిగించడం మానేసి స్ప్రింగుల మీద కూర్చోబెట్టాను, దాని పక్కనే చిన్న రోలర్ పెట్టాను. రోలర్ డ్రమ్ము ఎత్తుపల్లాల మీద నడుస్తుంది, బ్లేడు దానితోపాటే లేస్తుంది, దిగుతుంది. సందు మారదు. వంద కిలోలకు ఆరు కిలోల దాకా రాలే గింజ రెండు కిలోల లోపుకి వచ్చింది.

ఇక నా తప్పులు. 2013లో ఒక వ్యవసాయ ప్రదర్శనలో స్టాలు పెట్టి మిషన్ తిప్పి చూపించాను. పేపర్లో ఫోటో కూడా పడింది, కటింగు ఇంకా గల్లాపెట్టెలో ఉంది. తరవాత పేటెంట్ దరఖాస్తులు రాసిపెట్టే ఏజెంటు దగ్గరికి వెళితే ఆయన మొదట అడిగింది ఆ ఫోటో గురించే. దరఖాస్తుకు ముందు పదిమందికీ తెలిసిపోయిన దానికి పేటెంట్ రాదు, తెలియజేసింది మనమే అయినా సరే. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకు 12 నెలల వెసులుబాటు ఉంది, నేను వెళ్లింది అలాంటిది కాదు. స్టాల్లో పెట్టింది పాత మిషన్ కాబట్టి బతికిపోయాను. స్ప్రింగుల బ్లేడు అప్పటికి షాపులో బల్ల మీదే ఉంది. యూట్యూబు వీడియో, వాట్సాప్ స్టేటస్, మీరు ఇక్కడ రాసిన రెండో పేరా, అన్నీ ఆ కోవలోకే వస్తాయి. మండీ వాళ్లు చూశారన్నారు కదా, వాళ్లు బయటి నుంచి చూశారా, మూత విప్పి చూపించారా? అది ఏజెంటుకు దాచకుండా చెప్పండి.

లక్షలవుతాయన్న మాట సగమే నిజం. సర్కారు ఫీజు మనలాంటి వ్యక్తులకు తక్కువే. ఆన్‌లైన్‌లో దరఖాస్తుకు 1,600 రూపాయలు, దాన్ని పేటెంట్ ఆఫీసు పరీక్షించాలని కోరుతూ పెట్టే ఫారం 18కి 4,000. పెద్ద కంపెనీ అయితే ఇవే 8,000, 20,000. పేటెంట్ వచ్చాక రెన్యువల్ ఉంటుంది, దరఖాస్తు తేదీ నుంచి లెక్కేసి మూడో ఏడు నుంచి: ఆరో ఏడు దాకా ఏటా 800, పది దాకా 2,400, పదిహేను దాకా 4,800, ఇరవై దాకా 8,000. ఇరవై ఏళ్లూ కడితే 76,800 అవుతుంది. గిట్టుబాటు కాదనుకుంటే మధ్యలో ఆపేయొచ్చు. అసలు ఖర్చు రాతకోతలది. ఏజెంటుకు, బొమ్మలకు కలిపి నాకు 45 వేలు అయింది. ఎవరికి వారు వేసుకోవచ్చని చట్టం అంటుంది. వేసుకోవచ్చు. కానీ అక్కడే నా రెండో తప్పు ఉంది, దానికి వస్తాను.

2014లో ప్రొవిజనల్ వేశాం. అంటే పూర్తి వివరం తరవాత ఇస్తాను, తేదీ మాత్రం ఈరోజుది రాసుకోండి అని. 12 నెలల్లో పూర్తిది ఇవ్వాలి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై ఆఫీసే. తేదీ దొరికింది కదా అని నేను నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, పరీక్ష అడగడం గడువు చివరిదాకా లాగాను. అప్పట్లో 48 నెలలు ఉండేది, 2024 నుంచి 31 నెలలే. మీరు పూర్తిది ఇచ్చిన రోజే ఫారం 18 కూడా పెట్టేయండి.

పరీక్షలో వచ్చిన అభ్యంతరాలు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. చిల్లుల డ్రమ్ము, బ్లేడు కొత్త కాదట. అమెరికాలో మిరపకాయ తొడిమలు కోసే మిషన్ల పాత పేటెంట్లు రెండు జతచేశారు. చూస్తే నా డ్రమ్ముకు అన్నదమ్ముల్లా ఉన్నాయి! నేను ఏడాది కష్టపడి కనిపెట్టింది నేను పుట్టకముందే ఎవరో కనిపెట్టి పెట్టారు. పేటెంట్ల వెబ్‌సైట్లలో ముందే ఒక పూట వెతికి ఉంటే ఏడాది మిగిలేది. మీరు ఈ ఆదివారమే వెతకండి. చింతపండు ఒక్కటే కాదు, ఖర్జూరం, రేగు, చెర్రీ, గింజ తీసే ప్రతి మిషనూ చూడండి.

మిగిలింది స్ప్రింగుల మీద తేలే బ్లేడు. దానికీ ఒక మాట అన్నారు: పనితెలిసిన మేస్త్రీ ఎవరైనా చేసే సర్దుబాటే కదా, ఇందులో ఆవిష్కరణ ఏముంది? ఈ మాటకు మూలం మనలాంటి లేతు పనివాళ్ల కేసే. మీర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు చేసే ఒక సంస్థ 1951లో పేటెంట్ తీసుకుంది. అంతకుముందు గిన్నెను లక్కతో అతికించి లేత్ మీద తిప్పి గీకేవాళ్లు, ఒక్కోసారి ఊడి ఎగిరొచ్చేది. వీళ్లు లక్క మానేసి, ఎదుటి నుంచి మొన ఉన్న కడ్డీతో గిన్నెను నొక్కిపట్టారు. అదే ఊళ్లో ఇంకొకరు అలాగే చేస్తే దావా వేశారు. అలహాబాద్ హైకోర్టులో ఒక జడ్జి పేటెంట్ కొట్టేశారు, డివిజన్ బెంచి నిలబెట్టింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ కొట్టేసింది. టెయిల్‌స్టాక్‌తో, అంటే లేత్ ఎదుటి కొసన ఉండే ఆధారంతో, నొక్కిపట్టడం ఎప్పటినుంచో ఉన్నదే, ఇది వర్క్‌షాపులో చేసుకునే మెరుగుదల, అంతకుమించి కాదని. పనివాడికి మేలు జరిగింది, ప్రమాదం తగ్గింది, అయినా చాలలేదు. ఆ తీర్పు గురించి విన్నప్పుడు నాకు ఆ గిన్నెల వాళ్ల మీద జాలేసింది. కానీ కోర్టు వైపు నుంచి చూస్తే, ప్రతి మేస్త్రీ సర్దుబాటుకూ ఇరవై ఏళ్ల హక్కు ఇచ్చేస్తే పక్క షాపు వాడు స్పానరు పట్టుకోవాలన్నా భయపడాలి.

మమ్మల్ని కాపాడింది తూకం పుస్తకం. స్ప్రింగు లేకుండా ఎంత గింజ రాలింది, ఉంటే ఎంత, ఏ తేమలో, ఏ రకం కాయకు, అన్నీ తేదీలతో మా అమ్మాయి రాసిపెట్టింది. మామూలు మేస్త్రీ డ్రమ్మును గుండ్రం చేయడానికి చూస్తాడు, ఈయన డ్రమ్మును వంకరగానే వదిలేసి బ్లేడును దాని దారిన నడిపించాడు అని ఏజెంటు వాదించాడు. వీడియోలోనే వాదనలు జరిగాయి, చెన్నై వెళ్లక్కర్లేదు. 2021లో పేటెంట్ వచ్చింది. మీ నాన్నగారి చేత ఈరోజు నుంచే అలాంటి పుస్తకం పెట్టించండి: ఎంత పండు పోశారు, ఎన్ని గింజలు పగిలాయి, గుజ్జు ఎంత అంటుకుపోయింది.

ఒక విషయం. గింజ తీశాక పీచు ఎగరగొట్టడానికి ఫ్యాను కూడా పెట్టామన్నారు. తెలిసిన వస్తువులు రెంటిని పక్కపక్కన పెడితే, ఎవరి పని వారు మామూలుగా చేసుకుంటుంటే అది ఆవిష్కరణ కాదని పేటెంట్ చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది. ఫ్యాను మీద ఆశ పెట్టుకోకండి.

ఇక రెండో తప్పు. పేటెంట్‌లో మన మిషన్ ఉండదండీ, మాటలు ఉంటాయి. చివర్లో క్లెయిములని నంబర్లేసి రాస్తారు, మన హద్దురాళ్లు అవే. నా మొదటి క్లెయిములో బ్లేడు "స్ప్రింగుల మీద" అమర్చబడినది అని ఉంది. చదివి సంతకం పెట్టింది నేనే. వచ్చిన ఏడాదికే ఒక షాపువాడు అచ్చం నా మిషనే దింపాడు. మూత విప్పి చూస్తే స్ప్రింగులు లేవు, రబ్బరు బుష్షులు ఉన్నాయి. పని అదే. దావా వేయొచ్చు, రబ్బరూ స్ప్రింగూ ఒకే పని చేస్తున్నాయని వాదించొచ్చు అన్నారు లాయరుగారు. అయితే జిల్లా కోర్టుకు తక్కువ కాకుండా వెళ్లాలి, నిపుణుల్ని పెట్టాలి, అవతలివాడు నీ పేటెంటే చెల్లదని ఎదురు వేస్తాడు. నేను ఏడాదికి అమ్మేది పదిహేను మిషన్లు. నోటీసు ఇచ్చి ఊరుకున్నాను. "సాగే గుణం ఉన్న ఆధారం మీద" అని ఒక్క ముక్క రాయించి ఉంటే వాడికి సందు దొరికేది కాదు. అందుకే ఏజెంటు క్లెయిములు పంపినప్పుడు మీ నాన్నగారు దొంగలా ఆలోచించాలి. ఇది నేనే కాపీ కొట్టాలంటే ఏ ముక్క మారుస్తాను? ఆయన కంటే బాగా ఎవరికీ తట్టదు.

ఈ బాధ కొత్తది కాదు. అమెరికాలో ఎలీ విట్నీ 1794లో పత్తి గింజ తీసే జిన్నుకు పేటెంట్ తీసుకున్నాడు. మిషన్లు అమ్మకుండా, జిన్నులు తామే పెట్టి, తీసిన పత్తిలో ఐదింట రెండు వంతులు కూలిగా పుచ్చుకోవాలని ఆయనా ఆయన భాగస్వామీ అనుకున్నారు. అది రైతులకు మండింది. మిషన్ చూస్తే పళ్ల రోలరు, జల్లెడ, బ్రష్షు. ఏ కమ్మరైనా చేయగలడు, చేశారు కూడా. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 1807లో గట్టి తీర్పు వచ్చేసరికి 14 ఏళ్ల గడువు కొసకు వచ్చేసింది. మీ మిషన్ కూడా గింజ తీసేదే కాబట్టి చెబుతున్నాను. ధర మరీ గుంజితే కాపీకి మనమే పెట్టుబడి పెట్టినట్టు.

మరి నేను ఎందుకు రెన్యువల్ కడుతున్నాను? పక్క రాష్ట్రంలో ఒక తయారీదారు పెద్ద సైజు మిషన్లకు నా దగ్గర లైసెన్సు తీసుకున్నాడు. మిషన్‌కు ఇంత అని ఇస్తాడు. అలాంటివాడు పేటెంట్ కాగితం ఉంటేనే మాట్లాడతాడు. పక్కవీధి షాపువాణ్ణి అది ఆపదు. కాబట్టి లెక్క సులభం: మీ నాన్నగారు ఊళ్లోనే నెలకు ఒకటి రెండు చేసి అమ్ముకోవాలనుకుంటే పేటెంట్ జోలికి పోకుండా ఆ డబ్బు మంచి గేర్‌బాక్సు మీద పెట్టండి. బయటి కంపెనీకి ఇవ్వాలని ఉంటే, గింజ పగలకుండా మీరు పెట్టిన ఆ అడ్డం నిజంగా కొత్తదని వెతుకులాటలో తేలితే, ప్రొవిజనల్ వేసి ఆ 12 నెలల్లో కొనేవాళ్లను చూడండి.

డబ్బు లేదని మాత్రం ఆగొద్దు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు ఆసు యంత్రం చేశారు కదా. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టాలంటే, వాళ్లమ్మ లక్ష్మిగారు చేతిని 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. ఏళ్లకొద్దీ తంటాలు పడి 1999లో మిషన్ పూర్తిచేసి అమ్మ పేరే పెట్టారు. దానికి పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా. అలాంటివాళ్లను వెతికి పట్టుకునేది హైదరాబాద్‌లోని పల్లె సృజన అనే సంస్థ. చదువు, డిగ్రీలు లేని ఆవిష్కర్తల తరఫున పేటెంట్ ఖర్చు భరించేది గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్. ఏజెంటు కంటే ముందు వాళ్లకు రాయండి.

రబ్బరు బుష్షుల అతని సంగతి చెప్పడం మరిచాను. మిషన్ కాపీ కొట్టాడు గానీ వాడి బ్లేడు పదిహేను రోజులకే మొద్దుబారేది. నా బ్లేడు సీజనంతా వస్తుంది. దాన్ని ఎర్రగా కాల్చి దేంట్లో ముంచుతానో, మళ్లీ ఎంత వేడిమీద ఎంతసేపు ఉంచుతానో పేటెంట్‌లో లేదు. తెలిసినంతలో మేలైన పద్ధతి దరఖాస్తులో చెప్పాలని చట్టం ఉంది, కానీ దరఖాస్తు వేసిన రెండేళ్లకు గానీ అది నాకే కుదరలేదు. ఇప్పుడు సీజన్‌లో నెలకోసారి వాడి కుర్రాడు మోటారుసైకిల్ మీద వచ్చి నా దగ్గర బ్లేడ్లు కొనుక్కుపోతాడు. ఉద్దరకు ఇవ్వను.