శ్రీగంధం, ఎర్రచందనం: పేరులోనే చుట్టరికం

నర్సరీలో శ్రీగంధం, ఎర్రచందనం అని రెండు మొక్కలు తెచ్చి విడివిడిగా కుండీల్లో పెట్టానని, రెండూ ఒకే జాతేనా, ఒకటెందుకు పసుపు పడుతోందని అడిగారు కదండీ.

చుట్టరికం పేరు వరకే. ఎర్రచందనం చిక్కుడు, కంది కుటుంబానిది, దాని చెక్కకు సువాసన ఉండదు. శ్రీగంధం వేరే కుటుంబం, సగం పరాన్నజీవి. ఆకుల్లో ఆహారం తనే వండుకుంటుంది కానీ, నీళ్లు, పోషకాలు చాలావరకు పక్క మొక్క వేళ్లకు తన వేళ్లు అతికించి లాగేసుకుంటుంది. ఆకులు చూడండి. కొమ్మకు అటొకటి ఇటొకటి ఎదురెదురుగా ఉంటే శ్రీగంధం; ఒకే కాడకు మూడేసి గుండ్రటి ఆకులుంటే ఎర్రచందనం. కుండీలో పక్కన తోడు మొక్క లేదు కాబట్టి పసుపు పడేది శ్రీగంధమే అయ్యుంటుంది. ఎరువు కొనే ముందు కుండీలో ఓ కంది గింజ నాటి చూడండి, పెద్దయ్యాక పొలంలో సరుగుడు తోడు పెట్టొచ్చు. నీళ్లు నిలవనీయకండి.

ఇక అంతరించే ప్రమాదం సంగతి. ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఎర్రచందనం ‘అంతరించే ప్రమాదంలో’ ఉంది, శ్రీగంధం దానికంటే ఒక మెట్టు కింద, ‘ముప్పు పొంచి ఉన్న’ వర్గంలో. కారణం తెలిసిందే: ఎర్రచందనం అడవిలో సహజంగా పెరిగేది ముఖ్యంగా మన శేషాచలం, వెలిగొండ, లంకమల వైపు కొండల్లోనే. శ్రీగంధం మాత్రం కర్ణాటక, తమిళనాడు మొదలుకుని ఇండోనేషియా దాకా ఉంది. ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపారంపై 1995 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలున్నాయి. పెరట్లో పెంచుకోవడానికి టెన్షన్ అక్కర్లేదు గానీ, నర్సరీ రసీదు పారేయకండి. రేపు కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి.