పుకారు ఫోన్‌కి కవర్లు కొన్న మా మామ, 8 సెంటీమీటర్ల అట్టముక్క

మీ ప్రశ్న ఇది: మడతపెట్టే ఐఫోన్ రాబోతోందట, లోపలి స్క్రీన్ 7.8 ఇంచులు, బయటిది 5.5 ఇంచులు అంటున్నారు, నమ్మొచ్చా? నా ఫోన్ స్క్రీన్ పగిలింది, అది వచ్చేదాకా ఆగనా?

ఆగొద్దు. పగిలిన గాజు మీద వేలు రాసి రాసి, చివరికి వేలికి గుడ్డ చుట్టుకుని నా షాపుకొచ్చినవాళ్లను చూశాను. ముందు స్క్రీన్ మార్పించుకోండి, లేదంటే ఇప్పుడు దొరికేది కొనుక్కోండి. అసలు జవాబు ఇంతే. మిగతాది నా పాత కథ. ఎప్పటినుంచో ఎవరికైనా చెప్పాలని ఉంది, మీరు దొరికారు.

నాది సూళ్లూరుపేట. చెన్నై అరుంబాక్కంలో చిన్న మొబైల్ రిపేర్ షాపు నడుపుతున్నాను. చెన్నైలో ఫోన్ల పని అంటే చాలు, ఊళ్లో పెళ్లికి వెళ్లినా కర్మకు వెళ్లినా ఇదే గొడవ. "ఐఫోన్లు మీ పక్కనే శ్రీపెరంబుదూరులో చేస్తారంటగా, వచ్చేది ఎంత సైజో నీకు తెలీకుండా ఉంటదా?" అంటాడు మా చిన్నాన్న. శ్రీపెరంబుదూరు నా షాపుకి ముప్పై కిలోమీటర్ల పైనే. మా ఎదురింట్లో ఈరోజు ఏం కూర వండారో నాకు తెలీదు, అక్కడ రేపు ఏం చేస్తారో ఎలా తెలుస్తుంది? తెలీదంటే నమ్మడు. దాస్తున్నానని అలుగుతాడు.

సరే, కథకొస్తా. 2011లో నాకు 19 ఏళ్లు. డిప్లొమాలో రెండు సబ్జెక్టులు తప్పి ఇంట్లో కూర్చుంటే, అమ్మకు వరసకు తమ్ముడయ్యే మామ, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో తన షాపులో పెట్టుకున్నాడు. తెల్లారకముందే సూళ్లూరుపేట లోకల్ ఎక్కితే సెంట్రల్‌కి రెండు గంటల పైనే పట్టేది. అక్కడినుంచి మౌంట్ రోడ్డు వైపు నడక. షాపంటే పెద్దగా ఊహించుకోకండి, నరసింగపురం వీధిలో ఒక మెట్ల కింద ఆరడుగుల సందు. పౌచ్‌లు, చార్జర్లు, స్క్రీన్ గార్డులు. అప్పటికి ఈ టెంపర్డ్ గ్లాసులు ఎక్కడివి, అన్నీ పల్చటి ప్లాస్టిక్ గార్డులే. బుడగ రాకుండా వేయడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. మామ మాత్రం పాత రీచార్జ్ కార్డు పెట్టి ఒక్క గీత గీసేవాడు, అద్దంలా అతుక్కునేది.

ఆ ఏడాది ఆగస్టు నుంచే ఐఫోన్ 5 గోల మొదలైంది. స్క్రీన్ పెరుగుతుంది, అంచులుండవు, ఫోన్ ఒకవైపు లావుగా, ఇంకోవైపు కత్తిలా పల్చగా ఉంటుంది, కింద హోమ్ బటన్ గుండ్రంగా కాకుండా అడ్డంగా సాగి ఉంటుంది అని. రోజుకు పదిమందైనా వచ్చి "అన్నా, ఫైవ్ వందాచ్చా?" అనేవాళ్లు, ఫైవ్ వచ్చేసిందా అని తమిళంలో. వాళ్లలో తొమ్మిదిమంది చేతిలో నోకియా ఉండేది, అది వేరే సంగతి.

ఒకరోజు సరుకు వేసే మనిషి వచ్చి మామ చేతిలో బూడిద రంగు ప్లాస్టిక్ ముక్క పెట్టాడు. డమ్మీ పీస్, అంటే ఫోన్ కొలతకు చేసిన ఉత్త నమూనా. "ఇదే కొలత, చైనా నుంచి వచ్చింది, అక్కడ అచ్చులు పోసేశారు" అన్నాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, జేబులో వేసుకుని తీసి, మళ్లీ వేసుకున్నాడు. నాకైతే అది సబ్బు బిళ్లలా కనిపించింది. మామకు లక్ష్మీదేవి కనిపించింది. "అబ్బయా, ఫోన్ వచ్చాక అందరూ తెస్తారు. మనం వచ్చిన రోజే వేలాడదియ్యాల" అని, చీటీ పాడిన డబ్బులోంచి 22,000 తీసి 400 కవర్లకు ఆర్డర్ ఇచ్చాడు. అత్తకు చెప్పలేదు. నాతో కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

అక్టోబర్ 4 రాత్రి, మన టైముకి పదిన్నరకు ఫోన్ ప్రకటన. మర్నాడే ఆయుధ పూజ. వీధి మొత్తం కడిగి, అరటి పిలకలు కట్టి, గుమ్మడికాయలు తెచ్చి పెట్టుకున్నారు. మేమూ షాపు కడిగి, మురుగన్ పటం ముందు స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, పక్కనే ఆ 400 కవర్ల పెట్టె పెట్టాం. పెట్టెకు కూడా గంధం, కుంకుమ. నాకు ఆఖరి లోకల్ ఎలాగూ పోయింది, అక్కడే పడుకుందామనుకున్నా. ఎదురు షాపు కుర్రాడు లాప్‌టాప్ పెట్టుకుని, అమెరికాలో హాల్లో కూర్చున్నవాళ్లెవరో రాస్తున్నది లైను లైనుగా చదివి చెప్తున్నాడు. వీడియో లేదు, రాతే. చుట్టూ ఏడెనిమిదిమందిమి బొరుగులు తింటూ నిలబడ్డాం.

కుర్రాడు ఒకచోట ఆగాడు. "ఫోర్ ఎస్" అన్నాడు.

"ఫోర్ ఎస్సా? ఫైవ్ ఏది?" అన్నాడు మామ.

"అదే చూపిస్తున్నారు అన్నా. స్క్రీన్ 3.5 ఇంచులు. పాత బాడీనే అంట."

"అది అయ్యాక ఫైవ్ చూపిస్తారేమో, ఉండు."

ఉన్నాం. కుర్రాడు పేజీ మళ్లీ మళ్లీ తెరిచాడు. పన్నెండు దాటింది, ఇంకేం రాలేదు. ఒక్కొక్కరే మెల్లగా జారుకున్నారు. మామ లోపలికొచ్చి పెట్టెలోంచి ఒక కవర్ తీసి, రిపేరుకు వచ్చిన ఎవరిదో ఐఫోన్ 4ని అందులో పెట్టి ఊపాడు. డబ్బాలో గవ్వలా టకటకమంది. రెండుసార్లు ఊపి, తీసి, కవర్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేశాడు. "సరేలే, రేపు పూజలో పెట్టినవి ఎలాగూ ముట్టుకోకూడదు" అన్నాడు. తిట్టలేదు, అరవలేదు. నాకు అదే భయమేసింది.

పూజ మర్నాడు, విజయదశమి పొద్దున, ఐఫోన్ తెచ్చిన ఆపిల్ స్టీవ్ జాబ్స్ పోయాడని వార్త. మామ చాలాసేపు ఊరుకుని, "పాపం, ఆయన తప్పేముందిలే, ఆయన చెప్పాడా మనకి" అన్నాడు. ఎంత మంచివాడో చూడండి. డమ్మీ తెచ్చినవాడు ఆ తర్వాత మూడు నెలలు మా వీధిలోకే రాలేదు.

అవే కవర్లు ప్రపంచంలో చాలాచోట్ల చాలామంది కొని మునిగారని తర్వాత తెలిసింది. మా దాంట్లో వింత ఏంటంటే, ఒక అరవై అమ్ముడుపోయాయి. అదే పుకారు బొమ్మ చూసి చైనాలో ఎవరో నకిలీ ఐఫోన్ 5 తయారు చేశారు, చెన్నైలోనే బర్మా బజార్‌లో ఒకతను అవి అమ్ముతున్నాడు. మా కవర్ దానికి తొడిగితే గీత తేడా లేకుండా పట్టింది. లేని ఫోన్‌కి చేసిన కవర్‌కి లేని ఫోనే సరిపోయింది! మిగతావి పది రూపాయలకు ఒకటి పోయింది, పోనిది పోయింది. ఒకటి ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది, విప్పిన స్క్రూలు అందులో పోస్తా. ఆ అడ్డంగా సాగిన బటన్ చిల్లుకి టేప్ అంటించా, లేకపోతే స్క్రూలు కారిపోతాయి.

అయితే పుకార్లన్నీ అబద్ధాలని నేననను. 2014లో 4.7, 5.5 అని ముందే అన్నారు, ఐఫోన్ 6, 6 ప్లస్ సరిగ్గా అలాగే వచ్చాయి. 2024లో ప్రో మోడళ్లు 6.3, 6.9 అన్నారు, అవే వచ్చాయి. స్క్రీన్లు చేసే కంపెనీకి నెలల ముందే ఆర్డర్ ఇవ్వాలి, కవర్ల వాళ్లు అచ్చులు పోసుకోవాలి, ఇన్ని చేతులు మారాక రహస్యం ఎక్కడ ఆగుతుంది? నా గొడవ వేరు. ఆ ఇంచుల లెక్క నిజమైనా మీకు ఉపయోగం లేదు.

ఇంచులంటే ఏంటి? ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలత. ఊళ్లో ఎవరైనా స్థలం అమ్ముతూ "ఈశాన్యం మూల నుంచి నైరుతి మూలకు తాడు పడితే ఇన్ని అడుగులు" అంటే కొంటారా? మా పాత నెల్లూరు జిల్లాలో ఎన్ని అంకణాలు అంటాం, చెన్నైలో ఎన్ని గ్రౌండ్లు అంటారు, గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు. ఆ వెంటనే రోడ్డు వైపు వెడల్పెంత అని అడుగుతాం. ఫోన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం మూల నుంచి మూలకు చెప్తే తలూపుతాం.

చూడండి. 2012లో నిజం ఐఫోన్ 5 వచ్చింది. స్క్రీన్ 3.5 నుంచి 4 ఇంచులైంది. ఫోన్ వెడల్పు? 4ఎస్ 58.6 మిల్లీమీటర్లు, ఇదీ 58.6. పొడవు మాత్రమే 115.2 నుంచి 123.8కి పెరిగింది. మామ చేతిలో పట్టుకుని "ఎక్కడ పెరిగింది రా ఇది?" అన్నాడు. ఇంకోటి. 2014 నాటి 6 ప్లస్ 5.5 ఇంచులు, వెడల్పు 77.8 మిల్లీమీటర్లు. 2024 నాటి 16 ప్రో మ్యాక్స్ 6.9 ఇంచులు, వెడల్పు 77.6. ఇంచున్నర దాకా పెరిగి, చేతిలో వెంట్రుకంత సన్నబడింది! మధ్యలో 2017లో ఐఫోన్ టెన్‌తో కింద బటన్ తీసేశారు, అంచులు కోసేశారు, స్క్రీన్‌ని నిలువుగా సాగదీశారు. కస్టమర్లు మాత్రం ఇప్పటికీ "6.9 వద్దులే, మరీ పెద్దది, నా పాత 5.5 లాంటిది ఇవ్వు" అంటారు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

అలాగే "చిన్న ఫోన్లు చేయడం మానేశారు" అని ఏడ్చేవాళ్లు. చేశారు కదా, 2020లో 12 మినీ, 2021లో 13 మినీ, రెండూ 5.4 ఇంచులు. నా షాపుకి ఇన్నేళ్లలో మినీ పట్టుకొచ్చినవాళ్లు ఇద్దరు. అందులో ఒకాయన చత్వారం వచ్చాక దాన్ని కూతురికిచ్చేశాడు. కావాలని అడిగేది అందరూ, కొనేది ఎవరూ ఉండరు. పెద్ద ఫోన్ ఎవడు కొంటాడని జాబ్స్ కూడా 2010లో అన్నాడు. మరుసటి ఏడాది శాంసంగ్ 5.3 ఇంచుల నోట్ ఫోన్ తెస్తే మా వీధంతా చెవి దగ్గర పలక పెట్టుకున్నట్టుందని నవ్వింది. తర్వాత మూడేళ్లకు ఐఫోనే 5.5కి వెళ్లింది. నవ్వినవాళ్లందరి చేతుల్లో ఇప్పుడు పలకలే.

ఇక మీ మడత ఫోన్. 7.8, 5.5 అన్న పుకారుతోపాటు లోపలి స్క్రీన్ పాత టీవీల్లా 4:3 ఆకారంలో ఉంటుందని కూడా అంటున్నారు. అలా అనుకుని నేను బిల్ బుక్ వెనకాల లెక్కేశాను. విప్పితే స్క్రీన్ 158 మిల్లీమీటర్ల వెడల్పు, 119 ఎత్తు. మధ్యకు మడిస్తే 79 వెడల్పు, 119 ఎత్తు. దాని మూల నుంచి మూల 5.6 ఇంచులు, అంటే బయటిది 5.5 అనడం సరిగ్గా అతుకుతుంది. ఇప్పుడు చూడండి ఇది ఏమైందో: వెడల్పులో 6 ప్లస్‌ని మించింది, ఎత్తులో 4ఎస్ కంటే నాలుగు మిల్లీమీటర్లే ఎక్కువ. పొట్టిగా బలంగా, పాస్‌పోర్టులా. 5.5 అంటే మీరు చేతిలో ఇమిడే ఫోన్ ఊహించుకుని ఉంటారు. బొటనవేలు ఆ చివరికి అందదు.

స్క్రీన్ గార్డులు వేసేవాడిగా ఇంకో మాట. 2019లో శాంసంగ్ తన మొదటి మడత ఫోన్ ఫోల్డ్‌ని ముందుగా రివ్యూలకిస్తే, కొందరు పైనున్న పొరని ప్యాకింగ్ ప్లాస్టిక్ అనుకుని పీకేశారు, స్క్రీన్లు పోయాయి. ఏప్రిల్‌లో రావాల్సిన ఫోన్ సెప్టెంబర్‌కి వెళ్లింది. వాళ్లను నేను తప్పుపట్టను. కొత్త ఫోన్ చేతికి రాగానే పైపొర పీకి గార్డు వేయడమే కదా మేం చేసే మొదటి పని! మడత ఫోన్ వచ్చిన కొత్తలో ఎవరి షాపుకూ తీసుకెళ్లొద్దు. నా షాపుకైనా సరే.

మొన్న ఒక బిస్కెట్ డబ్బా అట్టని 79కి 119గా కత్తిరించి, మందం కోసం నాలుగు పొరలు అంటించి చొక్కా జేబులో వేసుకుని రెండు రోజులు తిరిగాను. వంగితే జారదు, అది మెచ్చుకోవాలి. ఆటో ఎక్కి కూర్చుంటే మాత్రం మూల పొడుస్తుంది. మీరూ చేసి చూడండి, ఖర్చు లేదు. నాది ఇప్పుడు కౌంటర్ మీద పడుంది. నిన్న సాయంత్రం ఒకాయన చార్జర్ కొనడానికొచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి "ఎంత పడుతుంది?" అని అడిగాడు.